నాలుగు మార్కుల అధ్యాయాన్ని నేల మీదికి తేవాలి

ఇంటర్ మొదటి సంవత్సరం గణితం 1బి పుస్తకంలో అక్షాల పరివర్తన అని ఒక చిన్న అధ్యాయం ఉంది. మూలబిందువును ఇంకో చోటికి జరిపితే నిరూపకాలు ఎలా మారతాయి, అక్షాలను ఒక కోణం మేర తిప్పితే సమీకరణం ఏ రూపంలోకి వస్తుంది, ఇంతే విషయం. పరీక్షలో నాలుగు మార్కులు. కల్వకుర్తిలో నేను లెక్కలు చెప్పినన్నాళ్లూ ఈ అధ్యాయమంటే పిల్లలకు ఇష్టమే. చిన్న పట్టిక ఒకటి గుర్తుంటే చాలు, జవాబు వచ్చేస్తుంది. పరీక్ష హాలు దాటాక మాత్రం ఆ పట్టిక ఎవరికీ గుర్తుండదు. అక్షాలను అసలు ఎందుకు తిప్పాలో చెప్పకుండానే ఏడాది గడిచిపోతుంది.

ఈ పద్ధతి మారాలని గట్టిగా కోరుతున్నాను. మా ప్రాంతం పిల్లలకు, మా ప్రాంతం పనులకు ఇంత దగ్గరగా ఉన్న పాఠం లెక్కల పుస్తకంలో మరొకటి నాకు కనబడలేదు. దాన్నే మనం అందరికన్నా దూరంగా నిలబెట్టి చెబుతున్నాం.

తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి ఓసారి లేచి అడిగింది: "సార్, అక్షాలు ఎందుకు తిప్పాలె? ఉన్నకాడ ఉంచితే ఏమైతది?" వాళ్ల నాన్నకు అప్పటికి ఎడ్లున్నాయి. నాగలికి కట్టిన ఎడ్లలో దాపటిది ఏది, వలపటిది ఏది అని అడిగాను. చెప్పింది. మరి సాలు చివర నాగలి మళ్లించాక దాపటి ఎద్దు ఏదవుతుందన్నాను. "అదే ఉంటది సార్, ఎద్దు మారదు గదా" అంది. తూర్పు గట్టు? పోయేటప్పుడు దాపటి ఎద్దు పక్కనున్న గట్టు, వచ్చేటప్పుడు వలపటి ఎద్దు పక్కకు వస్తుంది. గట్టు కదల్లేదు, కాడి తిరిగింది. కాడికి కట్టిన దిక్కులు రెండు, నేలకు కట్టిన దిక్కులు నాలుగు. దున్నేవాడు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ప్రతి సాలు చివరా మారిపోతూనే ఉంటాడు. ఈ మార్పునే అంకెలతో చేస్తే అది అక్షాల భ్రమణం.

విమానంలో, నౌకలో, జలాంతర్గామిలో, క్షిపణిలో జరిగేది కూడా ఇదే పని. జీపీఎస్ సంకేతం అందని చోట, అంటే నీటి అడుగునో, కొండ లోపలో, శత్రువు సంకేతాలను చెడగొట్టిన ఆకాశంలోనో, వాహనం తానెక్కడుందో తనలోనే లెక్కగట్టుకోవాలి. దాని పేరే ఇనర్షియల్ నావిగేషన్. అందులో మూడు యాక్సిలరోమీటర్లు ఉంటాయి, మూడు గైరోలు ఉంటాయి. యాక్సిలరోమీటర్ త్వరణాన్ని చెబుతుంది. దాన్ని కాలంతో కూడుకుంటూ పోతే వేగం, వేగాన్ని మళ్లీ కూడితే దూరం. సమాకలనం నేర్చుకున్న ఏ పిల్లకైనా అర్థమయ్యే మాట. చిక్కంతా ఒక్కచోటే ఉంది. ఆ పరికరాలు వాహనానికి బిగించి ఉంటాయి కాబట్టి, అవి చెప్పేది వాహనం దిక్కుల్లో ఉంటుంది. మనకు కావలసింది నేల దిక్కుల్లో. వాహనం ప్రతి క్షణం ఎటు ఒరిగిందో, ముక్కు ఎంత ఎత్తిందో, ఎటు తిరిగిందో తెలిస్తేనే ఆ అంకెలను ఉత్తరం, తూర్పు, కిందికి అన్న దిక్కుల్లోకి మార్చగలం. పక్కకు ఒరగడాన్ని రోల్ అంటారు, ముక్కు ఎత్తడం దించడం పిచ్, కుడిఎడమలకు తిరగడం యా. ఈ మూడు కోణాలను లెక్కించే బాధ్యత గైరోలది.

కోణం ఒక్క డిగ్రీ తప్పితే ఏమవుతుందో పిల్లల చేత నేను లెక్క చేయించేవాణ్ని. ఫోన్‌ను బల్ల మీద కదలకుండా పెట్టినా అందులోని యాక్సిలరోమీటర్ సున్నా చూపించదు. బల్ల దాన్ని పైకి మోస్తున్నంత, అంటే సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు చూపిస్తుంది. ఆ గురుత్వాన్ని సరైన దిక్కులో తీసేస్తేనే మిగిలేది నిజమైన కదలిక. ఫోన్ ఒక్క డిగ్రీ వాలి ఉందని పొరబడ్డామనుకోండి, గురుత్వంలో 0.017 వంతు పక్కకు కారి త్వరణంలా కనబడుతుంది. ఒక నిమిషం గడిచేసరికి, బల్ల మీద నుంచి అంగుళం కదలని ఫోన్ 300 మీటర్లు ప్రయాణించిందని లెక్క చెబుతుంది. మా కాలేజీ గేటు నుంచి రోడ్డు మీదికి వచ్చి చాలా దూరం పోయినట్టు! ఈ లెక్క చేసిన రోజు, కోణాల అధ్యాయాన్ని తేలిగ్గా తీసుకున్న పిల్లాడు నాకు ఒక్కడూ కనబడలేదు.

రెండో ప్రయోగానికి ఖర్చే లేదు. ఇది చదువుతున్నవారు కూడా ఇప్పుడే చేసి చూడవచ్చు. ఫోన్‌ను తెర పైకి, తల ఉత్తరానికి ఉండేట్టు బల్ల మీద పెట్టండి. ముందు తలవైపు అంచును పైకెత్తి నిటారుగా నిలబెట్టండి. తెర దక్షిణానికి చూస్తుంది. తర్వాత నిలువు గీత చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు తొంభై డిగ్రీలు తిప్పండి. ఫోన్ నిలబడే ఉంటుంది, తెర పడమరకు చూస్తుంది. ఇప్పుడు మొదటికి వచ్చి వరస మార్చండి. ముందు నిలువు గీత చుట్టూ అలాగే తిప్పండి, తల తూర్పుకు వస్తుంది. ఆ తర్వాత తూర్పు పడమర గీత చుట్టూ మొదట తిప్పినట్టే తొంభై డిగ్రీలు తిప్పండి. ఈసారి ఫోన్ పొడవాటి అంచు మీద అడ్డంగా నిలుస్తుంది, తల తూర్పుకు, తెర దక్షిణానికి. చేసినవి అవే రెండు తిప్పులు, వచ్చిన ఫలితాలు వేరు. రెండు మాత్రికలను గుణించేటప్పుడు వరస మారిస్తే జవాబు మారుతుందని 1ఎ పుస్తకం చెబుతుంది. పిల్లలు దాన్ని నియమంగా బట్టీ పడతారు. అది చేతిలో కనబడే నిజం. రోల్, పిచ్, యా అని మూడు కోణాలు ఇచ్చినంత మాత్రాన చాలదు, ఏ వరసలో తిప్పారో కూడా చెప్పాలి. రెండు బృందాలు వేర్వేరు వరసలు పట్టుకుంటే ఒకరి లెక్క ఇంకొకరికి పనికిరాదు.

ఇక్కడొక సున్నితమైన సంగతి ఉంది. ముక్కు నేరుగా ఆకాశానికి చూస్తున్నప్పుడు, అంటే పిచ్ 90 డిగ్రీలు అయినప్పుడు, పక్కకు ఒరగడానికీ కుడిఎడమలకు తిరగడానికీ తేడా చెరిగిపోతుంది. మూడు కోణాల్లో రెండు ఒకటైపోతాయి. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగ వేదిక మీద నిలబడే భంగిమ సరిగ్గా అదే! అందుకే ఇంజనీర్లు క్వాటర్నియన్లు అనే నాలుగు సంఖ్యల పద్ధతిని ఆశ్రయిస్తారు. దాన్ని ఐర్లండ్ గణితవేత్త హామిల్టన్ 1843 అక్టోబరు 16న డబ్లిన్‌లో ఒక వంతెన దగ్గర నడుస్తుండగా కనుగొన్నాడు. మన పిల్లలు 2ఎ లో నేర్చుకునే సంకీర్ణ సంఖ్యలకు అవి తోబుట్టువులు. సంకీర్ణ సంఖ్యతో గుణిస్తే కాగితం మీది బిందువు తిరుగుతుంది, క్వాటర్నియన్‌తో తిప్పితే గదిలోని వస్తువు తిరుగుతుంది. ఇంటర్ రెండేళ్లలో చెప్పే ఈ మూడు ముక్కలు, అక్షాల భ్రమణం, మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, ఒకే పనికి మూడు పనిముట్లని చెప్పే వాక్యం ఏ పుస్తకంలోనూ మా పిల్లలకు ఎదురుకాదు.

ఆ పని జరిగే చోటు మాకేమంత దూరం కాదు. హైదరాబాద్ దక్షిణపు అంచున, మా శ్రీశైలం రోడ్డు నగరంలోకి చేరే వైపే రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఉంది. 1980లలో అబ్దుల్ కలాం నాయకత్వంలో పుట్టిన ఆ సంస్థలో క్షిపణుల నావిగేషన్ వ్యవస్థలు తయారవుతాయి. 1988 ఫిబ్రవరి 25న పృథ్వి, 1989 మే 22న అగ్ని మొదటిసారి ఎగిరాయి. ఆ క్షిపణులు కదిలే ప్రతి క్షణం తమ దేహపు అక్షాలను నేల అక్షాల్లోకి మార్చుకుంటూనే పోతాయి. పుస్తకంలో నాలుగు మార్కులు తెచ్చే ఆ మార్పిడిని క్షిపణిలోని కంప్యూటర్ సెకనుకు ఎన్నోసార్లు చేస్తుంది.

ఇంతవరకూ నేల దిక్కులు కదలవన్నట్టే మాట్లాడాను. కానీ నేల కూడా తిరుగుతోంది. కల్వకుర్తి సుమారు 16.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మా బస్టాండులో కదలకుండా కూర్చున్న మనిషి కూడా భూమితో పాటు గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతుంటాడు. భూమి గంటకు 15 డిగ్రీలకు కొద్దిగా ఎక్కువ తిరుగుతుంది. ఆ భ్రమణంలో మా ఊళ్లో నిలువు దిక్కుకు చేరేది 4.3 డిగ్రీలు, ఉత్తరానికి చేరేది 14.4 డిగ్రీలు, తూర్పుకు చేరేది సున్నా. ఈ మూడు అంకెలు ఒక్క సైను, ఒక్క కొసైనుతో వచ్చేస్తాయి, పదో తరగతి పిల్లలు చేయగలరు. మంచి గైరోను నేలకు సమాంతరంగా పెట్టి మెల్లగా తిప్పుకుంటూ పోతే, అది సున్నా చూపిన దిక్కు తూర్పు పడమర, అత్యధికం చూపిన దిక్కు ఉత్తరం. ఆకాశం అక్కర్లేదు, నక్షత్రం అక్కర్లేదు, ఉపగ్రహం అక్కర్లేదు, అయస్కాంతమూ అక్కర్లేదు. ధ్రువాల దగ్గర ఇది విఫలమవుతుంది. మా అక్షాంశంలో బాగా పనిచేస్తుంది. ఫోన్‌లోని గైరో మాత్రం ఇందుకు చాలదు, దాని సొంత తొట్రుపాటే అంతకన్నా ఎక్కువ. వెలుగును ఒక వలయంలో ఎదురెదురుగా పరిగెత్తించి తేడా కొలిచే రింగ్ లేజర్ గైరోలాంటివి కావాలి.

దిక్సూచి ఉండగా ఇంత కష్టం దేనికనిపించవచ్చు. అయస్కాంతపు ఉత్తరం నిజమైన ఉత్తరంతో కలవదు, పైగా ఏటా కొద్దికొద్దిగా జరుగుతుంది. మన చౌటుప్పల్‌లో ఎన్‌జీఆర్‌ఐ నడిపే అయస్కాంత పరిశోధనశాల ఇలాంటి మార్పులనే నమోదు చేస్తుంటుంది. పక్కన ఇనుము ఉంటే దిక్సూచి అసలే నమ్మదగ్గది కాదు. చుట్టూ ఉక్కు తప్ప ఇంకేమీ లేని చోటు కల్వకుర్తికి దక్షిణంగా, అదే శ్రీశైలం రోడ్డు మీద ఉంది. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం.

ఈ సొరంగం గురించి పత్రికల్లో వచ్చినదంతా ప్రమాదం గురించే. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు, లోపలికి దాదాపు 14 కిలోమీటర్ల దగ్గర పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. పగుళ్ల రాయి, నీటి ఊట చేసిన ఘోరమది. నేను చెబుతున్న కోణాలకు దానితో సంబంధం లేదు. ఆ కుటుంబాల దుఃఖం పక్కన లెక్కల మాట చిన్నదే. అయినా ఈ సొరంగం మా పిల్లలు చదవాల్సిన గొప్ప పాఠమని నమ్ముతాను కనుక చెబుతున్నాను.

మొత్తం పొడవు 43.93 కిలోమీటర్లు. వ్యాసం సుమారు 10 మీటర్లు. పైనంతా ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి మధ్యలో ఎక్కడా నిలువు బావి తవ్వడానికి వీల్లేదు. ఒక టీబీఎం, అంటే సొరంగం తవ్వే యంత్రం, దోమలపెంట నుంచి, ఇంకొకటి అచ్చంపేట దగ్గరి మన్నెవారిపల్లి నుంచి బయల్దేరాయి. కొండ కడుపులో ఎదురెదురుగా వచ్చి కలవాలన్నది ఆలోచన. మన్నెవారిపల్లి వైపు 20 కిలోమీటర్లకు పైగా తవ్వారు. ఇప్పుడు పిల్లల చేత లెక్క వేయించండి. ముఖద్వారం దగ్గర దిశ ఒక డిగ్రీ తప్పితే 20 కిలోమీటర్ల తర్వాత 350 మీటర్లు పక్కకు పోతాం. డిగ్రీలో అరవయ్యో వంతు తప్పినా దాదాపు 6 మీటర్లు, అంటే సొరంగం వెడల్పులో సగానికి మించి. ఆ అరవయ్యో వంతులో మళ్లీ అరవయ్యో వంతుకు దిగితే గాని తేడా 10 సెంటీమీటర్లకు రాదు.

అంతేనా? రెండు ముఖద్వారాల దగ్గర రెండు తూకపు గుండ్లు వేలాడదీస్తే అవి ఒకే దిక్కుకు వేలాడవు. భూమి గుండ్రం కాబట్టి, 44 కిలోమీటర్ల ఎడంలో నిలువు దిక్కే దాదాపు 0.4 డిగ్రీలు మారిపోతుంది. రెండు చివరలను కలుపుతూ దారం లాగినట్టు నేరుగా తవ్వితే నడిమధ్యన అది సమతలానికి 38 మీటర్ల కిందికి దిగిపోతుంది, నీళ్లు అక్కడే నిలిచిపోతాయి. దోమలపెంట ఉత్తరం, మన్నెవారిపల్లి ఉత్తరం కూడా కచ్చితంగా సమాంతరం కావు. ఇటు ఒక చట్రం, అంటే ఒక దిక్కుల జత, అటు ఇంకో చట్రం, రెండింటినీ భూమి మొత్తానికి చెందిన మూడో చట్రంలోకి మార్చి, యంత్రం ముక్కు దిశను తిరిగి యంత్రం సొంత చట్రంలోకి తెస్తేనే డ్రైవర్‌కు ఎటు ఒత్తాలో తెలుస్తుంది. టీబీఎం డ్రైవర్ ముందున్న తెర మీద కనబడేవి కూడా ఆ మూడు కోణాలే. యంత్రం ఎంత ఒరిగింది, ముక్కు ఎంత ఎత్తింది, ఎటు తిరిగింది.

ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య సముద్రం కింద సొరంగం తవ్వినప్పుడు రెండు దేశాల కొలతల చట్రాలు వేరు. ముందు రెంటికీ కలిపి ఉమ్మడి చట్రం కట్టుకున్నారు. 1990 డిసెంబరు 1న రెండు వైపులా కలిసినప్పుడు పక్కకు తేడా 36 సెంటీమీటర్లు. స్విట్జర్లండ్‌లో 57 కిలోమీటర్ల గొట్హార్డ్ సొరంగం 2010 అక్టోబరు 15న కలిసినప్పుడు తేడా 8 సెంటీమీటర్లు, ఎత్తులో ఒక్క సెంటీమీటరు. భూభ్రమణం నుంచి ఉత్తరాన్ని పట్టే గైరో థియోడలైట్లు లోపల దిశను సరిచూస్తూ వచ్చాయి.

తవ్వే పని మా వాళ్లకు కొత్త కాదు. పాలమూరు లేబర్ తవ్విన మట్టి, మోసిన రాయి లేని పెద్ద డ్యాం దేశంలో తక్కువ. కల్వకుర్తి పేరే పెట్టుకున్న ఎత్తిపోతల పథకం శ్రీశైలం నీళ్లను ఎల్లూరు దగ్గర ఎత్తి మా చేలకు తెచ్చింది. అందులోనూ సొరంగాలున్నాయి, అందులోనూ మావాళ్ల చెమట ఉంది. ఇన్ని తరాలుగా తట్ట మోసింది పాలమూరు. పరికరం వెనక నిలబడి దిశ చెప్పింది మాత్రం ఎక్కువగా బయటివాళ్లు. ఇందులో తెలివి తేడా ఏమీ లేదు. ఆ పరికరానికి కావలసిన లెక్క మా ఊరి కాలేజీలోనే, మా పిల్లల పుస్తకంలోనే ఉంది. దేనికి పనికొస్తుందో చెప్పినవాళ్లు లేరు, అంతే. ఇది నన్ను బాధపెడుతుంది.

పొలం తగాదాల్లోనూ ఇదే చట్రాల గొడవ. ఫోన్‌లో కనబడిన హద్దు ఊరి నక్షా మీద వేస్తే పొసగదు. పాత సర్వే పటాలకు ఆధారం జార్జ్ ఎవరెస్ట్ 1830లో లెక్కగట్టిన భూమి ఆకారం, ఉపగ్రహాలది వేరే ఆకారం. ఒకే రాయికి రెండు జతల అంకెలు వస్తాయి. ఏ చట్రంలో చెప్పారని అడగడం తెలిసిన రైతుబిడ్డ మోసపోడు.

ఇంటర్మీడియట్ బోర్డుకు, తెలుగు అకాడమీకి నేను కోరేది కొంచెమే. ఆ అధ్యాయంలో రెండు పేజీలు పెంచండి. ఒక పేజీలో ఫోన్‌తో చేసే ఆ రెండు తిప్పుల ప్రయోగం, ఇంకో పేజీలో రెండు చివరల నుంచి తవ్వే సొరంగం లెక్క. మూడు కొలతల్లో భ్రమణం ఎలా ఉంటుందో మాత్రికల పాఠంలో ఒక్క ఉదాహరణ ఇవ్వండి. పాలమూరు, నల్లగొండ పాలిటెక్నిక్‌లలో సొరంగ సర్వేను ఒక చిన్న కోర్సుగా పెట్టండి. ఎడమగట్టు సొరంగంలో ఇంకా తొమ్మిదిన్నర కిలోమీటర్లకు పైగా తవ్వకం మిగిలే ఉంది. ఆ కాలువ కోసం నల్లగొండ ఏళ్లుగా ఎదురుచూస్తోంది. ఆ మిగిలిన దూరంలో దిశ సరిచూసేవాళ్లలో మా పిల్లలు కొందరైనా ఉండాలి.

జూన్‌లో ఈ అధ్యాయం మొదలుపెట్టే తోటి లెక్చరర్లకు ఒక్క మాట. మొదటి రోజు బోర్డు జోలికి పోకండి. పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి ఉత్తరానికి నిలబెట్టండి, ఒక్కొక్కరినీ పక్కకు తిప్పి "ఇప్పుడు నీ కుడిచేతి వైపు ఏ దిక్కు?" అని అడగండి. సూత్రం పట్టిక మరుసటి రోజు చెప్పినా ఆ నాలుగు మార్కులు ఎక్కడికీ పోవు.